వెల లేక పొందితిమి, వెల అడుగక ఇత్తము

వాక్యభాగములు: మత్తయి 10:5–10, 2 రాజులు 5:1–27, 2 కొరింథీయులకు 8:1–9



మన పల్లెలలో పెండ్లి జరిగిన యింట చదివింపులు జరుగును. ఒకరు పుస్తకము తెరచుకొని కూర్చుండి, ఎవరు ఎంత చదివించినదియు పేరు పేరున వ్రాసికొందురు. పెండ్లి పందిరి విప్పివేసిన తరువాత కూడ ఆ పుస్తకము పెట్టెలో భద్రముగా నుండును. రేపు ఎదుటివారి యింట శుభకార్యము వచ్చినప్పుడు దానిని మరల తీసి, మన పిల్ల పెండ్లికి వారు ఎంత చదివించిరో చూచుకొని, అంతకు తక్కువ కాకుండ మనము చదివింతుము. పొరుగింటి చేబదులును అట్టిదే. తెచ్చుకొన్న గిద్దెడు నూనెకు గిద్దెడు నూనె తిరిగి యియ్యవలెను. ఇందులో తప్పేమియు లేదు. ఒకరి కొకరు ఆసరాగా నుండు ఈ పద్ధతివలననే బీదవాని యింట కూడ పెండ్లి పందిరి లేచుచున్నది.

అయితే ప్రియులారా, ఇట్టి పుస్తకమే మన హృదయములో కూడ ఒకటి యున్నది. మేలు చేసిన ప్రతిసారి అందులో వ్రాసికొందుము. ఆ మనుష్యుడు మన యెదుట వినయముగా నిలువనియెడల, మన మాట వినని యెడల, ఆ పుస్తకము తెరచి చూపుదుము. దేవునితో కూడ అదే లెక్క పెట్టుకొందుము. ఇన్ని ఆదివారములు గుడికి వచ్చితిని గదా, ఇంత కానుక వేసితిని గదా, నా పంట ఏల పోయెను అని అడుగుదుము. మన ప్రభువు తన శిష్యులను పల్లెలకు పంపునప్పుడు ఈ పుస్తకమును మూసివేయుమని ఆజ్ఞాపించెను.

ఆ సందర్భమును గమనింపుడి. రోగులను బాగుచేయుటకును, కుష్ఠరోగులను శుద్ధిచేయుటకును, దయ్యములను వెళ్లగొట్టుటకును ఆయన పండ్రెండుమందికి అధికార మిచ్చెను. చేపలు పట్టువాడును సుంకము వసూలు చేయువాడును డబ్బు పోసి కొనగల అధికారము కాదది. కనుక ఆయన వారితో చెప్పిన దేమనగా, ఇది మీ చేతికి ధర లేకుండ వచ్చినది, మీ చేతినుండి కూడ ధర లేకుండనే పోవలెను (మత్తయి 10:8). ఇదే ప్రసంగములో పనివాడు తన భోజనమునకు తగినవాడని కూడ ఆయనే చెప్పెను (10:10). కాబట్టి ఉచితమను మాటను పట్టుకొని, కాపరి యింట పొయ్యిలో పిల్లి లేవకుండ చేయు సంఘము ఈ వాక్యమును సగమే చదివినది. కాపరికి అన్నము పెట్టుట వేరు, దేవుని కృపకు ధర కట్టుట వేరు.

1. ముందు పొందుట నేర్చుకొనవలెను

ఇచ్చుటకంటె పొందుట సులభమని మనము తలంతుము. వేదము అట్లు చెప్పుట లేదు. సిరియా సైన్యాధిపతియైన నయమాను ఎలీషా ప్రవక్త గుమ్మమునకు వచ్చినప్పుడు వెండి, బంగారు, పది దుస్తుల బట్టలు వెంట తెచ్చెను. తన కుష్ఠమునకు తగిన వెల యిచ్చి స్వస్థత కొనుక్కొని పోవలెనని అతని తలంపు. ప్రవక్త బయటికైనను రాక, యొర్దానులో ఏడుమారులు మునుగుమని కబురు పంపగా అతనికి కోపము వచ్చెను. అంత తేలిక పనిచేసి బాగుపడుట అతని గొప్పతనమునకు చిన్నతనముగా తోచెను. దాసులు బుద్ధిచెప్పిన తరువాత మునిగి బాగుపడెను. తిరిగి వచ్చి కానుక పుచ్చుకొనుమని ఎంత బ్రతిమాలినను ఎలీషా ఒప్పుకొనలేదు. ఏల? పుచ్చుకొన్నయెడల, సంతలో ఎద్దును కొన్నట్లు ఇశ్రాయేలులో ఆరోగ్యమును కొంటినని నయమాను తన దేశమునకు పోయి చెప్పియుండును. పుచ్చుకొనలేదు గనుకనే, నన్ను బాగుచేసినవాడు జీవముగల దేవుడు అని ఒప్పుకొని పోయెను.

పేతురు కూడ అట్టివాడే. ప్రభువు తన పాదములు కడుగవచ్చినప్పుడు అతడు కాళ్లు వెనుకకు తీసికొనెను (యోహాను 13:8). ఇచ్చువాడనై యుందును గాని పుచ్చుకొనువాడను కానని మనుష్యుని గర్వము చెప్పును.

బీదవారికి మరియొక కష్టమున్నది. ఊరికే ఇచ్చెదనన్న వానిని వారు నమ్మలేరు. దానికి కారణ మున్నది. పండుగకు పంచె పెట్టిన కామందు, ఏడాది పొడుగున ఆ పంచెను గుర్తుచేసి వెట్టి చేయించుకొన్న దినములు మన తాతలు చూచిరి. అక్కరలో గింజలు కొలిచి పెట్టినవాడు, కల్లములో పంట చేతికి రాకముందే కుంచముతో సిద్ధముగా నిలుచుండెను. ఏ యీవి వెనుకనైనను ఒక త్రాడుండునని అనుభవము వారికి నేర్పినది. అట్టివారికి దేవుడు తన కుమారుని ఊరకనే ఇచ్చెనను మాట ఎంత నమ్మశక్యము కానిది! డబ్బు లేనివారలారా వచ్చి కొనుక్కొనుడని యెషయా ప్రవక్త పిలిచిన పిలుపు (55:1) లోకపు సంతలో ఎక్కడను వినబడదు. మనము నీతిమంతులుగా ఎంచబడుట క్రీస్తుయేసు చేసిన విమోచనమువలనను దేవుని కృపవలననే గాని మన చెల్లింపువలన కాదని పౌలు రోమీయులకు వ్రాసెను (3:24). వెల యేసు సిలువమీద చెల్లించెను. మనకు మిగిలినది చేతులు చాపి పుచ్చుకొనుటయే.

2. ధాత కరవులో జరిగిన సంగతి

ఈ వాక్యము పుస్తకములోనే గాక మన నేలమీద కూడ ఒకప్పుడు పరీక్షింపబడినది. మన సంఘములలో ప్రతి కుటుంబమువారును దానిని తమ పిల్లలకు చెప్పవలెను.

1876 లో వానలు తప్పినవి. 1877 లోను అనావృష్టి తీరలేదు. పెద్దలు దానిని ధాత కరవని చెప్పుకొనిరి. 1878 వరకు సాగిన ఆ కరవులో దక్షిణ దేశమందు లక్షల కొలది జనులు ఆకలిచేతను దాని వెంట వచ్చిన తెగుళ్లచేతను చనిపోయిరి. ఆ కాలమున గుంటూరు జిల్లా గాని ప్రకాశము జిల్లా గాని లేదు. ఒంగోలు నెల్లూరు జిల్లాలోనిది. అక్కడ 1866 నుండి అమెరికన్ బాప్టిస్టు మిషనెరీ జాన్ ఎవరెట్ క్లౌగారు పనిచేయుచుండిరి. 1867 జనవరి 1వ తేదీన ఎనిమిదిమందితో స్థాపింపబడిన ఆ సంఘము, కరవు వచ్చునాటికి చుట్టుపట్ల అనేక పల్లెలకు వ్యాపించియుండెను. ఆ విశ్వాసులలో ఎక్కువమంది మాదిగలు. ఊరి రైతుల కల్లములో దొరకు గింజలమీద బ్రదుకువారు. రైతుకే గింజలు లేనప్పుడు వారి గతి యేమి?

ఆ దినములలో ప్రభుత్వమువారు కరవు పనిగా సముద్రతీరము వెంబడి కాలువ త్రవ్వించుచుండిరి. అప్పటి మద్రాసు గవర్నరు బకింగ్‌హాము ప్రభువు పేరు దానికి నిలిచినది. క్లౌగారు యౌవనములో భూముల సర్వే పని నేర్చినవారు. ఆయన ఆ కాలువలో సుమారు మూడున్నర మైళ్ల త్రవ్వకమును కంట్రాక్టుగా తీసికొనిరి. లాభమునకు కాదు, ఆకలిగొన్నవారికి పని చూపుటకు. తన బోధకులనే మేస్త్రీలుగా నియమించిరి. అందుచేత ఇతర స్థలములలో అంటరానివారని త్రోసివేయబడువారును భయము లేక పనికి వచ్చిరి. పార, గంప పట్టిన ప్రతివానికిని చేతికి కూలి వచ్చెను.

ఇక్కడ ఒక సంగతి గమనింపుడి. ఆయన వారిని వరుసగా కూర్చుండబెట్టి భిక్షము వేయలేదు. పని చూపిరి. ధర్మశాస్త్రములో దేవుడు బీదలకు చూపిన మార్గము కూడ ఇట్టిదే. పొలములో మరచిపోయిన పనను తిరిగి తీసికొనకుము, ద్రాక్షపండ్లను రెండవసారి ఏరుకొనకుము, అవి పరదేశికిని తండ్రి లేనివానికిని విధవరాలికిని ఉండవలెనని ఆజ్ఞ (ద్వితీయోపదేశకాండము 24:19–21). రూతు బోయజు పొలములో పరిగె ఏరుకొనెను. తన చేతులతో ఏరుకొని తన అత్తకు తెచ్చి పెట్టెను. ఇచ్చు విధములో పుచ్చుకొనువాని తల వంగకుండ చూచుట కూడ ఉచితముగా ఇచ్చుటలో ఒక భాగము.

మధ్యాహ్నవేళ పనివారు విశ్రమించినప్పుడు బోధకులు వారి మధ్య కూర్చుండి సువార్త చెప్పిరి. ప్రయాసపడువారిని పిలిచి విశ్రాంతి నిచ్చు ప్రభువు సంగతి, మన్ను మోసి అలసినవారికి ఎంత దగ్గరగా వినబడి యుండును! వందల కొలది జనులు నమ్ముదుమని చెప్పి బాప్తిస్మ మడిగిరి.

అప్పుడు క్లౌగారు ఏమి చేసిరి? ఎవరికిని బాప్తిస్మ మియ్యలేదు. 1877 మార్చి తరువాత పదిహేను నెలలపాటు ఆ తలుపు మూసియుంచిరి. ఆయన చేతిలో కూలి డబ్బులున్నవి. ఎదుట ఆకలిగొన్న జనమున్నది. ఆ సమయములో బాప్తిస్మమిచ్చిన యెడల, అన్నము బాప్తిస్మమునకు వెల యగును, బాప్తిస్మము అన్నమునకు వెల యగును. రెండును చెడును. అందుచేత అన్నమునకు ఏ షరతును పెట్టలేదు. నమ్మినవానికిని నమ్మనివానికిని పని ఇయ్యబడెను, కూలి ఇయ్యబడెను. బాప్తిస్మము మాత్రము ఆగెను.

సహోదరులారా, దీని బరువును ఆలోచింపుడి. మిషనెరీ యెవరైనను తన దేశమునకు వ్రాయు ఉత్తరములో, ఇంతమంది చేరిరి అని వ్రాయగోరును. పండిన చేను ఎదుట నుండగా కొడవలి క్రింద పెట్టుట ఏ రైతుకైనను సులభమా? మన సంఘములలో నేడు ఎవరైనను అట్లు చేయుదుమా?

1878 జూన్ నాటికి కరవు సహాయము ముగిసెను. ఇక పంచిపెట్టుటకు డబ్బు లేదు. అప్పుడు ఒంగోలుకు ఉత్తరముగా గుండ్లకమ్మ ఒడ్డున నున్న వెల్లంపల్లి దగ్గర జనులు గుంపులు గుంపులుగా కూడుకొనిరి. ఇక సహాయ మేమియు లేదు, ఇండ్లకు పొండని క్లౌగారు వారితో స్పష్టముగా చెప్పిరి. వారు పోలేదు. తమ చేతులకు లేచిన బొబ్బలనే సాక్ష్యముగా పెట్టి, మేము కష్టపడి తినినవారము, ఇకను కష్టపడుదుము, మాకు డబ్బు అక్కరలేదు, రాబోవు పంట కూడ పోయి మేము చచ్చిన యెడల క్రైస్తవులమై చావగోరుచున్నామని వారు చెప్పినట్లు క్లౌగారు తమ జీవిత వృత్తాంతములో వ్రాసిరి.

అప్పుడు ఏ పల్లెవారిని ఆ పల్లె బోధకుడే విచారించి పేర్లు వ్రాసెను. జూలై 2వ తేదీన 614 మంది, 3వ తేదీన 2222 మంది, 4వ తేదీన 700 మంది, మూడు దినములలో మొత్తము 3536 మంది గుండ్లకమ్మలో బాప్తిస్మము పొందిరి. నీళ్లలో నిలిచి బాప్తిస్మ మిచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. ఒకేసారి ఇద్దరేసి చొప్పున వంతులు వేసికొని యిచ్చిరి. క్లౌగారు తాము ఒక్కరికైనను ఇయ్యలేదు. కూలి డబ్బు లెక్కపెట్టి యిప్పించిన చెయ్యి ఆ దినమున నీళ్లలోనికి దిగలేదు.

3. ఎత్తిపొడుపునకు ఉత్తరము

మనలో అనేకులు ఒక మాట విని తల వంచుకొనిన వారే. మీ తాతలు గంజి కొరకు మతము మారిరి గదా అని పొలములోను బడిలోను కచ్చేరిలోను ఎవరో ఒకరు అందురు. దానికి కోపముతో ఉత్తరము చెప్పనక్కరలేదు. ఆ పదిహేను నెలల సంగతి చెప్పుడి. అన్నమున్నంతకాలము తలుపు మూసియుండెను, అన్నము అయిపోయిన తరువాతనే తలుపు తెరువబడెను అని చెప్పుడి. మన పితరులు దేనినో పుచ్చుకొని దేవుని అమ్ముకొన్నవారు కారు.

అయినను మనము సత్యమునే చెప్పవలెను. ఆ వేల జనములో ప్రతివాని హృదయము ఎట్లున్నదో మనము ఎరుగము. తల్లి చేతి ముద్దను మరువలేని బిడ్డవలె, కరవులో ఆదుకొనినవారి దేవుని వెంబడించిన వారును కొందరుండవచ్చును. అది సిగ్గుపడదగిన సంగతి కాదు. చావు గుమ్మములో నుండగా తలుపు తట్టినవాడెవడో, అతనిని పంపిన దేవుడెవడో తెలిసికొన గోరుట సహజమే గదా! ప్రభువు కూడ అయిదువేలమందికి రొట్టెలు పెట్టెను. మీరు రొట్టెలు తిని తృప్తిపొందుటవలననే నన్ను వెదకుచున్నారని మరునాడు వారి ముఖముమీదనే చెప్పెను (యోహాను 6:26). చెప్పి, పెట్టిన రొట్టెకు లెక్క అడిగెనా? లేదు. అనేకులు ఆయనను విడిచి వెళ్లిపోయినప్పుడు త్రాడు వేసి లాగెనా? లేదు. అన్నము పెట్టుట మానలేదు, అన్నము తినుటనే విశ్వాసమని యెంచలేదు. ఉచితముగా ఇచ్చువాడు పోవువానిని పోనిచ్చును.

4. మనలోని గేహజీ

ఎలీషా నయమాను కానుకను పుచ్చుకొనలేదు గాని, అతని సేవకుడైన గేహజీ ఆ రథము వెంట పరుగెత్తెను. ప్రవక్త పంపినాడని అబద్ధమాడి వెండిని, బట్టలను తీసికొని యింట దాచెను. ఊరక వచ్చిన కృపకు వెనుక ద్వారమున వెల పుచ్చుకొనెను. నయమాను విడిచిన కుష్ఠము అతనికి అంటెను. ఆ వెండిని పుచ్చుకొన్నవాడు ఆ కుష్ఠమును కూడ పుచ్చుకొనెనని ఈ కథ మనకు నేర్పుచున్నది.

గేహజీ నేడును పరుగెత్తుచునే యున్నాడు. కానుక వేసిన ప్రతివాని పేరును మొత్తమును మైకులో చదివి, వేయలేని విధవరాలిని తల వంచుకొనునట్లు చేయునప్పుడు గేహజీ మన గుడిలో నున్నాడు. వెయ్యి రూపాయలు ఇచ్చిన యెడల దేవుడు పదివేలు తిరిగి యిచ్చునని చెప్పి, బీదవాని చెవి కమ్మలను కూడ తీయించు బోధ గేహజీ బోధ. రోగి మంచము దగ్గర ప్రార్థన చేసి కవరు కొరకు కనిపెట్టుట గేహజీ పని. దేవుని వరమును ద్రవ్యమిచ్చి కొనజూచిన సీమోనును పేతురు గద్దించెను (అపొస్తలుల కార్యములు 8:20). కొనుట తప్పయిన యెడల అమ్ముట తప్పు కాదా?

బోధకులకే కాదు, మన యిండ్లలో కూడ ఇది జరుగును. కొడుకును చదివించి, ఆ చదువు ఖర్చునంతయు పెండ్లిలో కట్నముగా రాబట్టుదుము. అన్న తమ్మునికి సహాయము చేసి, ఆ తమ్ముడు ఓటు ఎవరికి వేయవలెనో, సంఘములో ఎవరి పక్షము నిలువవలెనో తానే చెప్పును. పొరుగువానికి జబ్బు చేసినప్పుడు పాలు పంపి, మా గుడికి ఎప్పుడు వచ్చెదవని అడుగుదుము. ప్రియులారా, పాలు పాలుగానే పంపుడి. సువార్తను సువార్తగానే చెప్పుడి. ఒకదానిని మరియొకదానికి గాలముగా చేయకుడి. ఇతర మతస్థుడైన పొరుగువాడు మీ సహాయము పుచ్చుకొని తన గుడికే పోయినను, మీరు ఇచ్చినది వ్యర్థము కాలేదు. మన తండ్రి చెడ్డవారిమీదను మంచివారిమీదను వాన కురిపించుచున్నాడు గదా (మత్తయి 5:45). ఆ వాన ఏ గట్టు దగ్గర ఆగి పేరు అడిగినది?

5. ఉచితమనగా చౌక కాదు

ఉచితముగా ఇచ్చుట యనగా మనకు అక్కరలేనిది ఇచ్చుట అని కొందరు తలంతురు. మిరప కోతలైన తరువాత మన ఆడవారు కల్లములో కూర్చుండి కాయలను వేరుచేయుదురు. ఎర్రని కాయలు ఒక ప్రక్క, రంగు మారిన తాలు కాయలు ఒక ప్రక్క. గుంటూరు యార్డులో తాలుకు వేరే ధర యని అందరికి తెలియును. కాని కోతల పండుగకు దేవుని గుడికి తెచ్చు గంపలో ఏ కాయలున్నవి? గ్రుడ్డి దానిని, కుంటి దానిని బలిపీఠమునకు తెచ్చువారిని చూచి, వీటిని మీ అధికారికి ఇచ్చిన యెడల అతడు సంతోషించునా అని దేవుడు మలాకీ ప్రవక్తచేత అడిగించెను (1:8). అరౌనా తన కళ్లమును ఎద్దులను ఊరకనే ఇచ్చెదనన్నప్పుడు దావీదు ఒప్పుకొనలేదు. తనకు ఖర్చు కానిదానిని దేవునికి అర్పింపనని వెల యిచ్చి కొనెను (2 సమూయేలు 24:24). పుచ్చుకొనువానికి ఉచితము, ఇచ్చువానికి ఉచితము కాదు. కృప మనకు ఊరకనే వచ్చెను గాని తండ్రికి తన కుమారుడు ఖర్చయ్యెను.

మా చేతిలో ఏమున్నది యని బీదవారు అనవద్దు. మన తల్లులు ఏ పాఠశాలలోను నేర్చుకొనని ఒక పద్ధతిని మన సంఘములలో నిలిపిరి. అన్నము వండుటకు బియ్యము కొలిచినప్పుడు అందులోనుండి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేయుదురు. ఆ పిడికెడు బియ్యము ఆదివారమున గుడికి వచ్చును. పండిన యేటనే కాదు, పండని యేట కూడ వచ్చును. మాసిదోనియ సంఘములు తమ నిరుపేదతనములోనుండి, శక్తికి మించి, తామే బ్రతిమాలి యిచ్చెనని పౌలు కొరింథీయులకు వ్రాసెను (2 కొరింథీయులకు 8:1–4). ఆ కానుకయు యూదయలోని బీద పరిశుద్ధుల కొరకే గదా! అంతకు ముందు క్లౌదియ చక్రవర్తి దినములలో కరవు వచ్చినప్పుడు అంతియొకయ శిష్యులు ఎవరి శక్తికొలది వారు పంపిరి (అపొస్తలుల కార్యములు 11:28–30). సువార్త యెరూషలేమునుండి ఊరక వచ్చెను, అన్నము అంతియొకయనుండి ఊరక పోయెను. ఒకదానికి ఒకటి వెల కాదు. రెండును ఒకే కృపయొక్క రెండు ప్రవాహములు.

2021 లో నల్ల తామర పురుగు మన గుంటూరు, ప్రకాశము సీమలలో మిరప తోటలను నాశనము చేసినప్పుడు కౌలు రైతు ఎంత నష్టపడెనో మీరు చూచితిరి. కౌలు ముందుగా కట్టి, మందులకు అప్పు చేసి, పూత రాలిన చెట్లను చూచుచు నిలుచున్న వానికి ఒక పిడికెడు బియ్యము, ఒక మంచి మాట, వడ్డీ లేని ఒక చేబదులు ఎంత విలువైనవి! అప్పుల బాధతో గుమ్మము దాటలేక సిగ్గుపడు సహోదరుడు మీ వీధిలో నున్నయెడల, అతడు వచ్చి అడుగువరకు కనిపెట్టకుడి. మీరే పోయి అతని అరుగుమీద కూర్చుండుడి.

6. అడుగకయే తిరిగి వచ్చు కృతజ్ఞత

వెల అడుగని యెడల ఎవరును కృతజ్ఞత చూపరని భయపడవద్దు. డాక్టరు అన్నా కుగ్లరమ్మగారు 1883 లో గుంటూరు వచ్చి, స్త్రీలకును పిల్లలకును వైద్యము చేయుచు, 1898 లో లూథరను ఆసుపత్రిని తెరిచిరి. 1930 లో చనిపోవువరకు ఆమె ఆ సేవలోనే యుండిరి. కులము, మతము చూడక రోగిని రోగిగానే చూచిరి. తమ కుటుంబము పొందిన వైద్యమునకు కృతజ్ఞతగా ఏలూరు రాజావారు ఆ ఆసుపత్రికి వచ్చు రోగుల బంధువులు బసచేయుటకు సత్రము కట్టించిరి. ఆయన హిందువు. ఆయనను ఎవరును లెక్క అడుగలేదు. క్రైస్తవుల చేతినుండి ఊరక వెళ్లిన మేలు, హిందువు చేతిమీదుగా పరాయి రోగులకు నీడ యయ్యెను. మేలు ఇచ్చినవాని యింటికే తిరిగి రానక్కరలేదు. అక్కరలో నున్నవాని యింటికి చేరిన చాలును. అప్పు ఇచ్చినవాని దగ్గరకే తిరిగి వచ్చును, కృప ముందుకు పోవుచునే యుండును.

కాబట్టి ప్రియులారా, ఈ మాసములో ప్రతి కుటుంబమువారును ఈ మూడు సంగతులను ఆలోచించుకొనుడి.

మొదటిది: మనము ఎవరికైనను చేసిన మేలును ఇంకను గుర్తుచేయుచు వారిని వంచుచున్నామా? ఆ లెక్కను ఈ వారమే కొట్టివేయుదము.

రెండవది: ఎవరైనను ప్రేమతో ఇచ్చినదానిని గర్వముచేత త్రోసివేసితిమా? పోయి సంతోషముతో పుచ్చుకొందము. పుచ్చుకొనుట కూడ ప్రేమయే.

మూడవది: మనకు తిరిగి యియ్యలేని ఒక్కనికి, పేరు చెప్పకుండ, ఈ మాసములో ఒక మేలు చేయుదము. విందుకు బీదలను కుంటివారిని పిలువుము, వారు నీకు తిరిగి యియ్యలేరు గనుక నీవు ధన్యుడవని ప్రభువు చెప్పిన మాటను (లూకా 14:13–14) మన పల్లెలో ఒక్కసారి పరీక్షించి చూతము.

గుండ్లకమ్మ నేడును పారుచున్నది. ఆ నీటిలో దిగినవారు ఎవరి అప్పును తీర్చుటకు దిగలేదు. వారి మనుమలమును మునిమనుమలమునైన మనము, వారికి ఊరక వచ్చిన దానిని ఊరక అందించువారమై యుందుము గాక.

ప్రార్థన

కృపగల తండ్రీ, మా యొద్ద వెల లేనప్పుడు నీ కుమారుని మా కిచ్చితివి. నీకు తిరిగి చెల్లింతుమను మా గర్వమును క్షమింపుము. మా పొలములలోను మా కల్లములలోను మా పొయ్యిల దగ్గరను లెక్క పెట్టని చేతులను మాకు దయచేయుము. పంట పోయిన యిండ్లను, అప్పులలో నున్న సహోదరులను జ్ఞాపకము చేసికొనుము. వారి గుమ్మమునకు మమ్మును పంపుము. మేము చేయు మేలునకు మా పేరు కాక నీ నామమే మహిమ పొందునట్లు చేయుమని యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.